నమ్మకాలు, అనుమానాలు కొలిచే ప్రశ్నావళిని తెలుగు చేయాలంటే: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

ఫిబ్రవరి వచ్చిందంటే సైకాలజీ చదివే పిల్లల నుంచి నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. టాపిక్ ఖాయమైంది, గైడ్ సరేనన్నారు, స్కేలేమో (కొలతకు వాడే ప్రశ్నావళి) ఇంగ్లిష్‌లో ఉంది, జవాబులు చెప్పాల్సినవాళ్లు విశాఖలో గాజువాకలోనో జాలరిపేటలోనో ఉన్నారు. "అన్నా, 20 వాక్యాలే, ఆదివారానికి తెలుగు చేసి ఇచ్చేయవా?" 20 వాక్యాలకు ఆదివారం దాకా కూడా అక్కర్లేదు, ఒక పూట చాలు. కానీ ఆ ఒక్క పూటలో చేసినదాన్ని పట్టుకుని 200 మంది ఇళ్లకు తిరిగి, మూడు నెలలు ఎండలో పడి, చివరికి లెక్కలు కట్టాక "ఆల్ఫా 0.48 వచ్చిందన్నా, ఇప్పుడేం చేయాలి" అని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు. (ఆల్ఫా అంటే స్కేలులోని వాక్యాలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చెప్పే అంకె, 0.48 అంటే బాగా తక్కువ.)

నిద్ర గురించో నడుం నొప్పి గురించో అడిగే ప్రశ్నలైతే ఏ పద్ధతిలో తెలుగు చేసినా కొంపలేం మునగవు. నమ్మకాలు, అపనమ్మకం, కుట్రలు, చేతబడి, నన్నెవరో గమనిస్తున్నారన్న భయం, వీటిని కొలిచే స్కేళ్లు అలా కాదు. వీటిలో ఒక్క క్రియ మారితే కొలిచే వస్తువే మారిపోతుంది. అందుకని ఉన్న పద్ధతులేమిటి, ఎవరికి ఏది చాలు, దేనికి డబ్బూ టైమూ దండగ అన్నది నాకు తెలిసినంతలో చెబుతాను. నా అభిప్రాయాలు గట్టిగానే ఉంటాయి, మీ గైడ్‌కు నచ్చకపోవచ్చు.

ముందు మాటల సంగతి

ఇంగ్లిష్‌లో బిలీఫ్ వేరు, ట్రస్ట్ వేరు. మనకు రెండూ నమ్మకమే. దేవుడి మీద నమ్మకం, చీటీలు వేసే ఆవిడ మీద నమ్మకం, బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే పని జరగదన్న నమ్మకం, అన్నీ ఒకే మాటలో ఉన్నాయి. "మీకు నమ్మకం ఎక్కువేనా?" అని ఊరికే అడిగి చూడండి, సగం మంది సింహాద్రి అప్పన్న దగ్గర మొదలుపెడతారు. పోనీ విశ్వాసం అందామంటే అది ఒకచోట కుక్కకు ఉండేది, ఇంకోచోట చర్చిలో వినిపించేది. ట్రస్ట్ గురించి అడగాలంటే నామవాచకం వదిలేసి పనిని పట్టుకోవడమే మేలు: "ఇంటి తాళం ఇచ్చి వెళ్లగలరా", "చెప్పిన మాట మీద ఉంటారా", "డబ్బు చేతిలో పెడితే తిరిగొస్తుందా". ఇలా అడిగితే ఎవరూ దేవుడి దగ్గరికి వెళ్లరు.

అనుమానం అన్న మాట ఇంకా ఇబ్బంది. డౌటుకూ అదే, ఎదుటివాడి బుద్ధిని శంకించడానికీ అదే, మొగుడూ పెళ్లాల మధ్య వచ్చేదీ అదే. ఒకసారి మద్దిలపాలెంలో ఒకింట్లో "మీకు తరచుగా ఇతరుల మీద అనుమానం కలుగుతుందా?" అని చదివాను. ఆవిడ జవాబు చెప్పలేదు, పక్కన కూర్చుని పేపరు చదువుతున్న భర్త వైపు చూసింది. ఆయన పేపరు కిందకి దించాడు. ఆ తర్వాత అడిగిన ఎనిమిది ప్రశ్నలకూ "లేదండీ, అలాంటివేం లేవండీ" అనే వచ్చింది. నిఘంటువు ప్రకారం నా వాక్యంలో తప్పేం లేదు. ఆ ఫారం మాత్రం దేనికీ పనికిరాలేదు.

ఏ స్కేలు తీసుకుంటున్నారన్నదీ సగం సమస్య

అపనమ్మకం అన్న పేరుతో కనీసం మూడు వేరువేరు విషయాలు కొలుస్తారు. మనుషుల మీద నమ్మకం ఒకటి. రోటర్ 1967లో చేసిన 25 అంశాల (అంశమంటే ఒక్కో వాక్యం లేదా ప్రశ్న) స్కేలు, లేదా చాలా దేశాల్లో జరిగే వరల్డ్ వాల్యూస్ సర్వే అడిగే ఒకే ఒక్క ప్రశ్న (చాలామందిని నమ్మవచ్చంటారా, జాగ్రత్తగా ఉండాలంటారా) ఈ కోవలోవి. రెండోది, నన్ను ఎవరో ఏదో చేయబోతున్నారన్న భయం. ఫెనిగ్‌స్టీన్, వనబుల్ 1992లో చేసిన 20 అంశాల పారనోయా స్కేలు, తర్వాత 2008లో గ్రీన్ బృందం చేసిన 32 అంశాల స్కేలు, దాన్ని 2019లో ఫ్రీమన్ బృందం 18కి కుదించింది. మూడోది కుట్ర మనస్తత్వం, అంటే జరిగేవాటి వెనక ఎవరో రహస్యంగా కుట్ర చేస్తున్నారని నమ్మే ధోరణి. బ్రూడర్ బృందం 2013లో ఇచ్చిన 5 అంశాల ప్రశ్నావళి, అదే ఏడాది బ్రదర్టన్, ఫ్రెంచ్, పికరింగ్ ఇచ్చిన 15 అంశాల స్కేలు. ఇవి కాక భ్రమలకు దగ్గరగా ఉండే నమ్మకాల కోసం పీటర్స్ బృందం చేసినది ఉంది, మొదట 40 అంశాలు, 2004లో 21కి తగ్గించారు.

5 అంశాలే కదా అని కుట్ర ప్రశ్నావళి మీద పడకండి. చిన్న స్కేలులో ఒక్క వాక్యం చెడితే ఐదోవంతు పోయినట్టే. దానిలో రాజకీయ నాయకులు తమ నిర్ణయాల వెనకున్న అసలు ఉద్దేశాలు మనకు చెప్పరు అన్న భావంతో ఒక అంశం ఉంది. జగదాంబ దగ్గర టీ కొట్టులో దాన్ని పైకి చదివితే నవ్వుతారు. "అది కూడా అడగాలా?" ఈ ప్రశ్నావళిలో ఒక్కో వాక్యం ఎంతవరకు నిజమో నూటికి ఇంత అని చెప్పాలి. నూటికి నూరూ వేస్తారు, పక్కవాడూ నూరే వేస్తాడు. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్న మనుషుల మధ్య తేడా ఏం చూపిస్తుంది? అనువాదం ఎంత బాగున్నా ఆ అంశం ఇక్కడ పని చేయదు. అది అనువాదకుడి తప్పు కాదు, మన ఊరి అనుభవం.

అనుభవం అన్నాను కాబట్టి ఇంకో మాట. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకై జనం నిద్రలోంచి లేచి పరుగెత్తారు, దారిలోనే పడిపోయారు, చనిపోయారు. ఆ చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి "ప్రజలకు చెప్పకుండా చాలా విషయాలు దాచిపెడతారు" అన్న వాక్యం ఇచ్చి, ఒప్పుకున్నవాళ్లకు కుట్ర మనస్తత్వం ఎక్కువని రాసేస్తే అది అన్యాయం. అక్కడ ఆ జవాబు జ్ఞాపకం నుంచి వస్తోంది. ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో కట్టిన సగటు పక్కన పెట్టి విశాఖవాళ్లు ఇంత ఎక్కువ, అంత తక్కువ అనే పోలికలు, ముఖ్యంగా ఆ దేశాల కటాఫ్ మార్కును తెచ్చి ఇక్కడి మనిషికి 'తీవ్రం' అని ముద్ర వేయడం, ఏ పద్ధతిలో అనువదించినా చేయకూడనివే. రెండు భాషల్లోనూ స్కేలు ఒకేలా పనిచేస్తోందని గణాంకాలతో తేల్చాకే ఆ పోలిక.

ఇక పద్ధతులు

ఒక్కరే కూర్చుని చేయడం, లేదా ఫోన్లో ట్రాన్స్‌లేటర్‌కు ఇచ్చి తర్వాత దిద్దుకోవడం. దీన్ని గురించి ఎక్కువ చెప్పను. క్లాసులో ప్రాక్టికల్‌కు ఓకే. దానితో వచ్చిన స్కోరును ఎక్కడైనా అచ్చు వేయాలనుకుంటే వద్దు. యంత్రం ఇచ్చే తెలుగులో "నేను భావిస్తున్నాను" ఎక్కువ, "అనిపిస్తుంది" తక్కువ. పారనోయా అంశాల్లో మనకు కావాల్సింది ఖచ్చితంగా ఆ 'అనిపించడమే'. "నాకు హాని తలపెడుతున్నారని నేను భావిస్తున్నాను" అనేది కోర్టు కాగితం భాష, "నాకేదో చెడు చేయాలని చూస్తున్నారనిపించింది" అనేది మనిషి మాట.

రెండోది బ్యాక్ ట్రాన్స్‌లేషన్. ఒకరు తెలుగు చేస్తారు, ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లిష్ చేస్తారు, రెండు ఇంగ్లిష్‌లనూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తారు. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో రాసిన వ్యాసంతో ఇది అందరికీ అలవాటైపోయింది. మన దగ్గర థీసిస్‌లలో "బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేయబడినది" అని ఒక లైను ఉంటే చాలు, ఎవరూ ఇంకేం అడగరు. నాకు దీని మీదే కోపం. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను, కాస్త వివరంగానే.

కుట్ర ప్రశ్నావళిలో ప్రభుత్వ సంస్థలు పౌరులందరినీ దగ్గరగా గమనిస్తుంటాయి అన్న అర్థంలో ఒక అంశం ఉంది. నిఘా అన్న మాట పెడితే పోలీసులు, దొంగలు గుర్తొస్తారని, తేలిక తెలుగులో ఉండాలని, "ప్రభుత్వం జనాన్ని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటుంది" అని రాశాం. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేసిన స్నేహితుడు శుభ్రంగా 'ప్రభుత్వం ప్రజలపై ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచుతుంది' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లిష్ చేసి ఇచ్చాడు. మూలంతో చక్కగా సరిపోయింది. టిక్కు పెట్టేశాం. తర్వాత ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండుచేపలు అమ్మే ఒక పెద్దావిడకు చదివి వినిపిస్తే, "అవును బాబూ, కనిపెట్టుకునే ఉంటన్నారు కదా, ఒకటో తారీకు తెల్లారేసరికి పింఛను ఇంటికొచ్చి ఇస్తన్నారు" అంది. నూటికి ఎంతమ్మా అంటే నూరూ వేయమంది. కాగితం మీద చూస్తే ఆవిడకు ప్రభుత్వం మీద అపనమ్మకం పూర్తి స్థాయిలో ఉన్నట్టు. నిజానికి ఆవిడ చెప్పింది దానికి సరిగ్గా ఎదురు.

తెలుగు వచ్చిన ఎవరికైనా ఇప్పుడు వెనక్కి చూస్తే తెలిసిపోతుంది, కనిపెట్టడం వేరు, కనిపెట్టుకుని ఉండడం వేరు. రెండోదాంట్లో ఆదరణ ఉంది, రోగి పక్కన కూర్చున్న కూతురు కనిపెట్టుకుని ఉంటుంది. మరి వెనక్కి అనువదించిన అతనికి ఎందుకు తట్టలేదు? అతను బాగా చదువుకున్నవాడు, ముందూ వెనకా ఉన్న వాక్యాలను బట్టి ఇది ఏ రకం ప్రశ్నావళో పసిగట్టాడు, మూలంలో ఏముండి ఉంటుందో ఊహించి దానికి తగ్గట్టు ఇంగ్లిష్ రాశాడు. మంచి అనువాదకుడు చెడ్డ తెలుగును కూడా మంచి ఇంగ్లిష్‌గా మారుస్తాడు, అతని నైపుణ్యమే మన తప్పును కప్పేస్తుంది. ఇంతా చేసి బ్యాక్ ట్రాన్స్‌లేషన్ పోల్చేది ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌తో. తెలుగు వాక్యాన్ని తెలుగు మనిషి ఎలా విన్నాడన్నది ఆ పోలికలో ఎక్కడా లేదు.

అలాగని పూర్తిగా పనికిరాదని అనను. వాక్యం వదిలేయడం, 'ఎప్పుడూ' బదులు 'ఎప్పుడైనా' పడడం, నెగెటివ్ ఎగిరిపోవడం లాంటి మోటు తప్పులు దొరుకుతాయి. స్కేలు యజమాని తెలుగు రాని విదేశీయుడైతే, అనుమతి ఇచ్చే ముందు ఆయన చూడగలిగేది అదొక్కటే. జర్నల్ రివ్యూయర్లూ అడుగుతారు. చేయండి, కానీ దానితోనే పని అయిపోయిందనుకోకండి.

మూడోది కమిటీ పద్ధతి. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు, తర్వాత ఒకచోట కూర్చుని వాక్యం వాక్యం కొట్లాడుకుంటారు, తేలనివి మూడోమనిషి తేలుస్తాడు, జనం మీద పెట్టి చూస్తారు, ఏం మార్చారో ఎందుకు మార్చారో రాసిపెడతారు. జానెట్ హార్క్‌నెస్ పేరుతో వచ్చిన ఈ వరసను యూరోపియన్ సోషల్ సర్వే వాడుతుంది. ఆరోగ్య ప్రశ్నావళుల కోసం 2000లో బీటన్ బృందం చెప్పిన పద్ధతి దీన్నీ బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌నూ కలుపుతుంది: ఇద్దరు అనువాదకుల్లో ఒకరికి విషయం తెలిసి ఉండాలి, రెండోవాళ్లకు అసలు తెలియకూడదు, వెనక్కి చేసేవాళ్లు కూడా ఇద్దరు, పైన కమిటీ, ఆ తర్వాత 30 నుంచి 40 మంది మీద పరీక్ష.

విషయం తెలియని అనువాదకులు ఎందుకు అనుకోవచ్చు. వాళ్లే అసలు బంగారం. పీటర్స్ బృందం చేసిన భ్రమల ప్రశ్నావళిలో మొదటి అంశం, జనం మీ గురించి ద్వంద్వార్థాలతో మాట్లాడుతున్నట్టు, సూచనలు విసురుతున్నట్టు అనిపిస్తుందా అని. సైకాలజీ చదివిన అమ్మాయి దాన్ని "పరోక్ష సంకేతాలు" అని చేసింది. స్కూల్లో తెలుగు చెప్పే మా పిన్ని వెంటనే "సూటిపోటి మాటలు అంటే అయిపోలేదూ" అంది. గదిలో అందరం భలే ఉందనుకున్నాం. కాసేపాగి ఆ అమ్మాయే అడిగింది: "కానీ పిన్నిగారూ, అత్తారింట్లో ఉన్న ఏ కోడలైనా దీనికి అవుననదా?" అంటుంది. సూటిపోటి మాటలు నిజంగానే అంటారు, అది అనిపించడం కాదు, రోజూ పొద్దున్నే వినపడేది. చివరికి "మామూలు మాటల్లోనే మీకు మాత్రమే తెలిసేలా ఏదో వేరే అర్థం పెట్టి అంటున్నారనిపిస్తుందా" దగ్గర ఆగాం, పొడుగైనా సరే. ఒక్క వాక్యానికి 40 నిమిషాలు పట్టింది. ఇలాంటి గొడవ ఒక్కరే కూర్చుంటే జరగదు, బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌లోనూ జరగదు.

కమిటీలో ఎవరుండాలంటే, నా మట్టుకు, ఒక్కరైనా ఉత్తరాంధ్ర ఇంట్లో పెరిగినవాళ్లు ఉండాలి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి విశాఖలో స్థిరపడ్డవాళ్లు ఎంతమంది! పుస్తకాల తెలుగుకూ వాళ్లింటి తెలుగుకూ మధ్య దూరం ఉంది. అలాగని ప్రశ్నావళిని యాసలో రాయమని కాదు, చదువుతున్నవాడు వెక్కిరిస్తున్నాడేమో అనుకుంటారు. మామూలు తెలుగులో రాసి, యాసలో వేరే అర్థం వచ్చే మాటలు లేకుండా చూసుకుంటే చాలు.

నాలుగోది ఇప్పటికే ఎవరో చేసిన తెలుగు వెర్షన్ వాడుకోవడం. ఉంటే మహా సుఖం, వెతకడానికి రెండు రోజులు పెట్టండి. కానీ ఎక్కడ చేశారు, ఎవరి మీద పరీక్షించారు చూడండి. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ విద్యార్థుల మీద సరిపోయిందంటే పెందుర్తిలో ఉపాధి పనికి వెళ్లేవాళ్ల మీద సరిపోయినట్టు కాదు. హిందీ వెర్షన్ దొరికింది కదా అని దాన్నుంచి తెలుగు చేసేవాళ్లనూ చూశాను, దయచేసి వద్దు, నకలుకు నకలు అది.

ఐదోది కొత్తగా కట్టడం. విదేశీ స్కేలు పక్కన పెట్టి, ఇక్కడి మనుషులతో మాట్లాడి, వాళ్ల మాటల్లోంచి అంశాలు తయారుచేసుకోవడం. దిష్టి, చిల్లంగి (చేతబడి), గాలి సోకడం, జాతకదోషం లాంటివి పాశ్చాత్య స్కేళ్లలో ఉండవు, ఉన్నా మంత్రగత్తెలు, వూడూ అన్న రూపంలో ఉంటాయి. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రామకృష్ణారావుగారు పెట్టిన విభాగం పేరులోనే సైకాలజీ పక్కన పారాసైకాలజీ ఉండేది, ఈ ఊరికి ఇలాంటి నమ్మకాల మీద పరిశోధన కొత్తేం కాదు. పైగా మంత్రాల శక్తిని నమ్మితే భ్రమల వైపు ఒక మార్కు పడే స్కేలును ఇక్కడ ఉన్నదున్నట్టు వాడితే, గుమ్మానికి గుమ్మడికాయ కట్టిన ప్రతి ఇల్లూ మార్కు తెచ్చుకుంటుంది. పీటర్స్ స్కేలులో ఒక మంచి ఏర్పాటుంది, అవును అన్న ప్రతి అంశానికీ అది ఎంత బాధపెడుతోంది, ఎంతసేపు ఆలోచిస్తున్నారు, ఎంత నిజమనిపిస్తుంది అని 1 నుంచి 5 దాకా విడిగా అడుగుతుంది. మన దగ్గర అసలు సమాచారం ఆ మూడు ప్రశ్నల్లోనే ఉంటుంది. దిష్టి ఉందని నమ్మడం మామూలు, దిష్టి భయంతో నెల రోజులుగా గడప దాటకపోవడం వేరు.

కొత్త స్కేలు కట్టడానికి ఏడాది పైనే పడుతుంది, వందల మంది కావాలి, బయటి ఫలితాలతో పోల్చుకోలేరు. ఎంఏ వాళ్లు దీని జోలికి పోవద్దు.

ఏ పద్ధతైనా వదలకూడనిది

పదిమందితో కూర్చోవడం. దీన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు, పేరు పెద్దది కానీ పని చిన్నది. ప్రశ్న చదవండి, జవాబు చెప్పాక "ఈ ప్రశ్న మీకెలా అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి", "జవాబు చెప్పేటప్పుడు ఎవరు గుర్తొచ్చారు" అని అడగండి. అంతే. హార్బర్ పెద్దావిడ దగ్గర మా తప్పు బయటపడింది ఇలా ఎదురుగా కూర్చున్నప్పుడే, మేం అడక్కుండానే ఆవిడ కారణం చెప్పింది కాబట్టి. చెప్పకపోతే ఆ నూరు అలాగే లెక్కలోకి పోయేది.

ఈ పదిమంది దగ్గర మీకు దొరికే వాటిలో కొన్ని ముందే చెబుతాను. "చాలామందిని నమ్మవచ్చా" అంటే "ఏ జనం? మా పేట జనమా, బయటి జనమా?" అంటారు. ఇది మన ఒక్కళ్ల సమస్య కాదు. డెల్‌హే, న్యూటన్, వెల్‌జెల్ అనే ముగ్గురు పరిశోధకులు 2011లో దీని మీదే వ్యాసం రాశారు, చాలామంది అనగానే కొన్ని దేశాల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు గుర్తొస్తే, కొన్ని దేశాల్లో తెలిసినవాళ్లే గుర్తొస్తారని. తెలుగులో "మొదటిసారి కలిసినవాళ్లను" అని విడగొట్టి అడగడమే దారి.

"గత నెలలో" అని రాయకండి. మార్చి 20న అడిగితే కొందరు ఫిబ్రవరి గురించి చెబుతారు, కొందరు నిన్నటిదాకా చెబుతారు. "ఈ నెల రోజుల్లో" అంటే గొడవ ఉండదు. ఫ్రీమన్ స్కేలు అంతా నెల రోజుల గురించే అడుగుతుంది, ఈ ఒక్క మాట 18 అంశాలనూ పాడుచేయగలదు.

నెగెటివ్ వాక్యాలు. "ఎవరినీ నమ్మలేం" అని చదివితే ఒకరు "అవునండీ" అంటారు, ఇంకొకరు "లేదండీ, నమ్మలేం" అంటారు. ఇద్దరి అభిప్రాయమూ ఒకటే. మీ తరఫున ఫారాలు నింపే కుర్రాడు మొదటిదానికి 5, రెండోదానికి 1 వేస్తాడు. నా ఇన్‌బాక్స్‌లోకి వచ్చే 0.48 ఆల్ఫాల్లో చాలావాటికి నేను ముందు వెతికేది ఇక్కడే. అవును, కాదు జవాబులు తీసుకోకుండా "నమ్మలేం అంటారా, నమ్మొచ్చంటారా" అని క్రియతో అడిగి, క్రియతోనే జవాబు తీసుకోండి.

ఇంకోటి, 'అంట'. "ఆ చింతచెట్టు దగ్గర ఏదో ఉందంట" అన్న మనిషి నమ్ముతున్నట్టా, నమ్మనట్టా? విన్నది చెబుతున్నాడు, తనమీద వేసుకోవడం లేదు. నమ్మకాల ప్రశ్నలకు సగం జవాబులు "అంటారు కదండీ" రూపంలోనే వస్తాయి. దానికి విడిగా ఒక గడి పెట్టుకోండి, లేదా "మీరేమంటారు" అని రెండోసారి అడిగేలా ముందే నిర్ణయించుకోండి. ఒక్కో కుర్రాడు ఒక్కో రకంగా రాసుకొస్తే తర్వాత సర్దలేరు.

జవాబు మెట్ల సంగతికొస్తే, కుట్ర ప్రశ్నావళికి 0 నుంచి 100 శాతం దాకా 11 మెట్లున్నాయి. శాతం అంటే భయపడతారనుకున్నాను కానీ "నూటికి ఎంత" అంటే అందరికీ ఎక్కింది, నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టనివాళ్లు ఎవరున్నారు! అయితే చెప్పే అంకెలు 0, 50, 100 తప్ప మిగతావి తక్కువ. 'పూర్తిగా ఒప్పుకుంటాను, కొంతవరకు ఒప్పుకుంటాను' వరసలో మధ్య మెట్టుకు "తటస్థం" అని మాత్రం పెట్టకండి, "ఎటూ చెప్పలేను" పెట్టండి.

మన్యంలో పని ఉంటే

పాడేరు, అరకు వైపు వెళ్తున్నవాళ్లకు ఒక్కమాట. అక్కడ చాలామంది ఇంటి భాష ఆదివాసీ ఒడియానో కువినో అయి ఉంటుంది, తెలుగు సంతలో, బళ్లో వాడే భాష. మీ తెలుగు వెర్షన్ ఎంత బాగున్నా అక్కడ అది రెండో భాషే, వాళ్ల భాషకు మళ్లీ మొదటి నుంచి ఇదే పని చేయాలి. చేతబడి గురించి అడిగేటప్పుడు "మీ ఊళ్లో చేసేవాళ్లున్నారా" అన్న రూపం అసలు వద్దు. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మీ ప్రశ్న ఒకరి పేరు బయటికి తెస్తే మీరు వచ్చేసిన తర్వాత అక్కడ ఏం జరుగుతుందో మీ చేతిలో ఉండదు.

సమ్మతి పత్రం గురించి కూడా. అపనమ్మకం కొలవడానికి వచ్చి ముందే సంతకం అడుగుతున్నాం! "ఈ కాయితం ఎక్కడికెళ్తాది?" అన్నది మొదటి జవాబు. నిజం చెప్పాలంటే మా అందరి డేటాలో అదే నికార్సయినది, కానీ దానికి గడి లేదు. ఆ ప్రశ్నకు తొందరపడకుండా జవాబు చెప్పాకే మిగతావి అడగండి.

ఎవరు ఏది

మూడు నెలల ఎంఏ ప్రాజెక్టు, వంద మంది లోపు: దొరికితే ఉన్న తెలుగు వెర్షన్, లేకపోతే ఇద్దరు అనువాదకులు, ఒక మధ్యాహ్నం కూర్చుని తగవు, పదిమందితో ఇంటర్వ్యూ. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ మీ గైడ్ పట్టుబడితేనే. దానికిచ్చే డబ్బుతో ఆటో ఎక్కి హార్బర్‌కు వెళ్లండి, ఎక్కువ నేర్చుకుంటారు. వచ్చిన స్కోరుతో వీళ్లలో ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అనడం వరకే, బయటి దేశాలతో పోల్చొద్దు.

పీహెచ్‌డీ అయితే బీటన్ వరస పూర్తిగా, దానికి తోడు ఇంటర్నేషనల్ టెస్ట్ కమిషన్ 2017లో ఇచ్చిన రెండో ఎడిషన్ మార్గదర్శకాలు, 18 ఉన్నాయి, తీరిగ్గా చదవండి. ఫ్యాక్టర్ అనాలిసిస్‌కు (ఏ అంశాలు ఏ గుంపులో కలుస్తున్నాయో తేల్చే లెక్క) కనీసం 200 మందిని అనుకోండి, అందులో కొందరిని రెండు వారాల తర్వాత మళ్లీ అడగండి. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లు ఈ ఊళ్లో బోలెడు, వాళ్లకు రెండు వెర్షన్లూ కొన్ని రోజుల తేడాతో ఇచ్చి చూస్తే ఏ అంశం దారి తప్పిందో చప్పున తెలుస్తుంది. అయితే వాళ్లు మాత్రమే చాలరు, ఇంగ్లిష్ వచ్చినవాడు తెలుగు వాక్యాన్ని కూడా ఇంగ్లిష్‌లోనే వింటాడు.

ఆసుపత్రిలో మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికైతే, పెద్ద వాల్తేరు వైపు ఏ సైకియాట్రిస్ట్‌ను అడిగినా చెబుతారు, ప్రశ్నావళి స్కోరు మాటలు మొదలుపెట్టడానికే. సగం పరీక్షించిన తెలుగు వెర్షన్‌ను ఆ పనికి అసలు వాడకండి.

స్వచ్ఛంద సంస్థ తరఫున, టీకాల మీద అపనమ్మకం ఎందుకుందో తెలుసుకోవాలి, అంతేనా? అయితే స్కేలే అక్కర్లేకపోవచ్చు. ఇరవై మందితో తీరిగ్గా మాట్లాడండి.

స్కేలు చేసినవాళ్లకు మెయిల్ రాసి అనుమతి తీసుకోవడం మర్చిపోకండి. కొన్ని ఉచితమే, కొన్నింటికి ప్రచురణకర్త లైసెన్స్ కావాలి, మరికొన్నింటికి ఒక్క లైను మెయిల్ చాలు, ఒక్కోసారి వేరే తెలుగువాళ్లు అదే పని మొదలుపెట్టారన్న సంగతీ అక్కడే తెలుస్తుంది. తెలుగు ఖాయమయ్యాక మార్చిన ప్రతి మాట పక్కన కారణం ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి, ఆరు నెలల తర్వాత వైవాలో అడుగుతారు. నా షీట్‌లో కుట్ర ప్రశ్నావళి మూడో అంశం దగ్గర పాత వాక్యం కొట్టేసి ఉంటుంది, దాని బదులు "జనం ఎవరితో ఏం మాట్లాడుతున్నారో వాళ్లకు తెలియకుండా ప్రభుత్వం ఆరా తీస్తూ ఉంటుంది" అని ఉంటుంది, పక్క గడిలో కారణం అన్నచోట ఒకటే మాట: పింఛను.